కొత్త నిబంధనలోని 27 పుస్తకాలు ఎలా పోగయ్యాయో పిల్లలకు చెప్పాలంటే

మా సండే స్కూల్లో పెద్ద పిల్లలకు ఈ పాఠం నేనే చెబుతాను. మీరూ చెప్పాలనుకుంటే మొదటి పుస్తకం మత్తయితో మొదలుపెట్టకండి. ముందు కొలొస్సయులకు రాసిన పత్రిక 4:16 పైకి చదివించండి. ఈ ఉత్తరం మీరు చదివాక లవొదికయ సంఘంలోనూ చదివించండి, అక్కడి నుంచి వచ్చేది మీరూ చదవండి అని ఉంటుంది. అక్కడ కాసేపు ఆగండి. రెండు బెంచీలకు చెరో చిన్న ఉత్తరం ఇచ్చి, మార్చుకుని కాపీ రాసుకోమనండి. పావుగంటలో రెండు బెంచీల దగ్గరా రెండేసి ఉత్తరాలుంటాయి. పోగవడం అలా మొదలైందని అప్పుడు చెప్పండి, వెంటనే పట్టుకుంటారు.

తర్వాత బోర్డు మీద తేదీలు. క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు తొలి పత్రికలు. 140ల్లో రోములో మార్సియన్ అనే బోధకుడు లూకా సువార్తను, పౌలు పత్రికలు పదింటిని మాత్రమే, అవీ కత్తిరించి ఉంచుకున్నాడు. 180 ప్రాంతంలో ఐరేనియస్ అనే బిషప్ సువార్తలు నాలుగే అని గట్టిగా వాదించాడు. 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఈస్టర్ లేఖలో సరిగ్గా మన 27 పేర్లు.

"నైకియా సభలో ఓటేసి తేల్చారట కదా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 325లో బిషప్పులు కూడిన ఆ సభ చేసిన 20 నియమాల్లో పుస్తకాల జాబితా లేదని చెప్పండి.

చివర్లో సినాయి ప్రతి అనే పాత బైబిలు ఫొటోలు ఫోన్లో చూపించండి. నాలుగో శతాబ్దపు ఆ చేతిరాతలో ప్రకటన గ్రంథం తర్వాత, మన 27లో లేని బర్నబా పత్రిక, హెర్మాస్ కాపరి కూడా ఉన్నాయి. ఇవి మన బైబిల్లో ఎందుకు లేవని పిల్లలు కంగారుపడితే మాట దాటేయకండి. ఒకసారి నేను దాటేశాను. వారం తర్వాత ఒకమ్మాయి అదే ప్రశ్న నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చింది.