కూర్చున్న మామ్మ బొమ్మని ఆయిల్ రంగుల్లో దించాలంటే

బరంపురంలో మీ ఇంటికి ఉత్తరం వైపు కిటికీ ఉంటే సగం పని అయిపోయినట్టే, ఆ వెలుగు పూటపూటకీ పెద్దగా మారదు, నీడలు నిలకడగా ఉంటాయి. మామ్మని చేతుల కుర్చీలో కాస్త పక్కకి తిప్పి కూర్చోబెట్టండి. మధ్యమధ్యలో లేవనివ్వండి, కానీ ముందే కుర్చీ కాళ్ల చుట్టూ, పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత పెట్టండి, లేకపోతే మళ్లీ అదే భంగిమ దొరకదు.

రా అంబర్ అనే గోధుమ రంగుని టర్పెంటైన్‌తో (రంగుని పల్చన చేసే ద్రవం) పల్చగా కలిపి భుజాలు, నడుము, మోకాళ్ల వాలు మాత్రం గీయండి. ముఖం జోలికి అప్పుడే పోవద్దు! మనవైపు వచ్చే తొడలు పొట్టిగా కనిపిస్తాయి, మనసు ఒప్పుకోదు గానీ చేయి చాచి బ్రష్ కర్రతో కొలిచి, ఎంత కనిపిస్తే అంతే వేయాలి.

ఒంటి రంగుకి ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెనా (ఎర్రమట్టి రంగు), చిటికెడు అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). చామనఛాయకి తెలుపు ఎక్కువైతే పౌడర్ కొట్టినట్టుంటుంది. నీడల్లో నలుపు బదులు అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) కలపండి.

బరంపురం పట్టుచీర అంచులో గుడి గోపురాల వరస చూసి టెన్షన్ పడొద్దు, అన్నీ లెక్కపెట్టి వేస్తే చీర బల్లపరుపుగా అయిపోతుంది, మోకాలి మడత దగ్గర నాలుగు స్పష్టంగా వేసి మిగతావి మసకగా వదిలేయండి.

పై పొరల్లో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పెంచుతూ పోవాలి, లేదంటే పగుళ్లొస్తాయి. వానాకాలంలో ఆరడం ఆలస్యం. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకోవచ్చు, ఆరుబయట పరిచి ఆరబెట్టండి.