ద్రావణం గాఢత: లెక్క కట్టే విధానం, రాసే విధానం

కొలపాత్రలో ఒక లీటరు నీరు తీసుకొని, అందులో ఒక మోల్ పంచదారను, అంటే దాని అణుభారం ఎంతో అన్ని గ్రాములను, ఇక్కడ 342 గ్రాములను, పూర్తిగా కరిగేదాకా కలిపితే ద్రావణం లీటరు గీత దగ్గర ఆగదు, 1.2 లీటర్లు దాటుతుంది. గుంటూరులో నా ప్రయోగశాల పాఠం ఏటా దీనితోనే మొదలవుతుంది, ఎందుకంటే ఆ పాత్రలో ఉన్నది ఒక మోలార్ ద్రావణమని, అంటే లీటరు ద్రావణంలో ఒక మోల్ ఉందని, చాలామంది పిల్లలు అనుకుంటారు. నిజానికి దాని మొలారిటీ సుమారు 0.82 మాత్రమే, ఒకటికి దగ్గరగా ఉన్నది దాని మొలాలిటీ.

గాఢత ఒక భిన్నం. లవంలో కరిగిన పదార్థం, అంటే ద్రావితం, ఉంటుంది. హారంలో ఏముందన్నదే అసలు ప్రశ్న. రెంటికీ లవం మోల్‌లే, కానీ మొలారిటీకి హారం లీటరు ద్రావణం, మొలాలిటీకి హారం కిలోగ్రాము ద్రావణి, అంటే కరిగించుకునే ద్రవం. ద్రావణం, ద్రావణి అనే మాటలకు చివరి అక్షరంలోనే తేడా కాబట్టి తొందరలో ఒకదాన్ని మరొకటిగా చదివేస్తారు. నేను చూసిన తప్పు లెక్కల్లో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే.

ఒక ద్రావణాన్ని మొదటి నుంచి తయారుచేద్దాం. 0.05 మోలార్ సోడియం కార్బనేట్ 250 మిల్లీలీటర్లు కావాలి. అణుభారం 106 కనుక, 106ను 0.05తోనూ 0.25తోనూ గుణిస్తే 1.325 గ్రాములు వస్తుంది. సీసా మీద ఉన్నది నిర్జల లవణమా, పది నీటి అణువులున్న చాకలి సోడానా అన్నది ముందే చూసుకోవాలి. రెండోదైతే అణుభారం 286, కావలసిన తూకం 3.575 గ్రాములు. తూచిన పొడిని చిన్న బీకరులో కొద్ది స్వేదనజలంతో కరిగించి, గరాటు మీదుగా 250 మిల్లీలీటర్ల స్టాండర్డ్ ఫ్లాస్కులోకి వంచి, బీకరునూ గరాటునూ రెండు మూడు సార్లు కడిగిన నీటిని కూడా అందులోనే పోయాలి. మెడ మీది గీతకు కొంచెం కిందిదాకా నీరు నింపాక, చివరి చుక్కలను డ్రాపరుతో వేస్తూ, గీతను కంటికి సమానమైన ఎత్తులో ఉంచి, నీటి వంపు అడుగుభాగం గీతను తాకగానే ఆపి, మూత బిగించి పలుమార్లు తలకిందులు చేయాలి.

తూకం సరిగ్గా 1.325 రావాలని పొడిని చిటికెడు తీస్తూ, చిటికెడు వేస్తూ కూర్చోనవసరం లేదు. త్రాసు 1.340 గ్రాములు చూపిస్తే ఆ అంకెనే నోటుబుక్కులో రాసుకొని, దాన్ని 106తోనూ 0.25తోనూ భాగించి 0.0506 మోలార్ అని చీటీ అంటించాలి. అనుకున్న గాఢతను కాదు, వచ్చిన గాఢతను రాయడమే నిజాయితీగల పద్ధతి.

ఇదే ద్రావణాన్ని నార్మాలిటీలో, అంటే మొలారిటీని చర్యకు తగిన గుణకంతో గుణించి, చెప్పాలంటే చర్య ఏదో కూడా చెప్పాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మిథైల్ ఆరెంజ్ అనే సూచిక రంగు మారేవరకు అంశమాపనం చేస్తే, అంటే ఆమ్లాన్ని కొలుస్తూ కొద్దికొద్దిగా కలిపితే, సోడియం కార్బనేట్ గుణకం 2, గాఢత 0.101 నార్మల్, ఫినాఫ్తలీన్ అనే మరో సూచిక రంగు పోయే దగ్గర ఆపితే గుణకం 1 మాత్రమే. పొటాషియం పర్మాంగనేటుకు ఆమ్ల యానకంలో గుణకం 5, తటస్థ యానకంలో 3. చర్యను బట్టి అంకె మారుతుంది కనుకనే అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య నార్మాలిటీ వాడకాన్ని ప్రోత్సహించదు. నా సలహా కూడా మొలారిటీలోనే రాయమని.

గాఢ ఆమ్లాల సీసా మీద శాతం, సాంద్రత మాత్రమే ఉంటాయి. 37 శాతం, 1.18 సాంద్రత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లం లీటరు 1180 గ్రాములు తూగుతుంది. అందులో అసలు ఆమ్లం 436.6 గ్రాములు, 36.5తో భాగిస్తే సుమారు 12 మోలార్. దాని నుంచి 0.1 మోలార్ ద్రావణం 500 మిల్లీలీటర్లు కావాలంటే, 0.1ని 500తో గుణించి 12తో భాగించగా 4.2 మిల్లీలీటర్లు సరిపోతుంది. నీటిలోకి ఆమ్లాన్ని పోయాలి, ఆమ్లంలోకి నీటిని ఎన్నడూ పోయకూడదు.

శాతం లెక్క మన మిరప రైతులకు రోజూ అవసరమే. రెండు శాతం యూరియా పిచికారీ అంటే లీటరు నీటికి 20 గ్రాములు. కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడిని లీటరుకు 3 గ్రాములు కలిపితే, 16 లీటర్ల ట్యాంకుకు 48 గ్రాములు పడుతుంది. ఇక్కడ పొడి 0.3 శాతం, అందులోని అసలు మందు 0.15 శాతం. ఈ రెంటిలో ఏది చెబుతున్నామో స్పష్టంగా అనకపోతే మోతాదు సగమో రెట్టింపో అవుతుంది. ఇంకా పలచని వాటికి పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం అనే కొలత, ఉంది. తాగునీటి విషయంలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఒక పీపీఎం అనుకోవచ్చు.

మన వేసవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 27 డిగ్రీల దగ్గర గీత వరకు నింపిన ద్రావణం, విజయవాడ మే నెల మధ్యాహ్నం గదిలో 40 డిగ్రీలకు వేడెక్కితే, వ్యాకోచం వల్ల ఇంచుమించు 0.4 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అప్పుడు 0.1000 మోలార్ 0.0996 అవుతుంది. మొలాలిటీ తూకాల మీద నడిచేది కనుక అది మారదు. అందుకే చీటీ మీద పదార్థం పేరు, గాఢత, ప్రమాణం, తయారుచేసిన తేదీలతో పాటు ఆనాటి ఉష్ణోగ్రతను కూడా రాయిస్తాను.