కొత్త సంవత్సరానికి స్పెయిన్ తీరమా? కాడిజ్‌కి రెండు రోజులు ఉంచుకోండి

కొత్త సంవత్సరానికి స్పెయిన్ వెళ్లేవాళ్లలో చాలామంది బార్సిలోనా చూసి వచ్చేస్తారు. వీలైతే దక్షిణాన ఉన్న కాడిజ్‌ని కలుపుకోండి. సెవియా (సెవిల్) నగరం నుంచి రైల్లో గంటన్నర, కాస్త అటూ ఇటూగా. దాదాపు చుట్టూ సముద్రమే, పాత ఊరంతా నడిచే తిరిగేయొచ్చు. పగలు 15, 16 డిగ్రీలుంటుంది. ఈతకి నీళ్లు చల్లన గానీ నడకకి ప్రాణం లేచొస్తుంది. గాలి గట్టిగా కొడుతుంది, మందపాటి జాకెట్ మరవొద్దు.

సాయంత్రం ఆరు కాకముందే లా కాలెటా బీచ్‌కి చేరండి. రెండు పాత కోటల మధ్య చిన్న ఇసుక తీరం, నీళ్లలో ఊగుతుండే చిన్న చిన్న పడవలు, వాటి వెనక నేరుగా అట్లాంటిక్‌లోకి దిగే సూర్యుడు. ఆ పావుగంట కోసమైనా వెళ్లాల్సిన చోటు.

31 అర్ధరాత్రి గడియారం కొట్టే ఒక్కో గంటకీ ఒక్కో ద్రాక్షపండు చొప్పున 12 తినడం అక్కడి ఆనవాయితీ. తొక్క తీసి సరిగ్గా 12 పండ్లు పెట్టిన చిన్న డబ్బాలు సూపర్‌మార్కెట్లలో అమ్ముతారు, ముందే కొనిపెట్టుకోండి. జనవరి 1న, 6న సెలవు, షాపులు చాలావరకు తెరవరు. పిల్లలతో వెళ్తే 5వ తేదీ సాయంత్రం దాకా ఉండండి. బాల యేసుని చూడ్డానికి వచ్చారని చెప్పే ముగ్గురు రాజుల పేరిట జరిగే ఊరేగింపులో బండ్ల మీద నుంచి మిఠాయిలు విసురుతారు. ఏరుకోవడానికి ఒక సంచి పట్టుకెళ్లండి!