అవుట్‌రిగ్గర్ పందెం రోజున ట్రైలర్‌ను ముందే గమ్యానికి చేర్చండి
అమెరికాలోని కొలంబియా నది పడమరకు పారుతుంది గాని, వేసవిలో హుడ్ రివర్ పట్టణం దగ్గర గాలి సాధారణంగా పడమటి నుంచి ప్రవాహానికి ఎదురు వీస్తుంది. ఆ గాలిని, అది లేపే అలలను వాడుకునే అవుట్‌రిగ్గర్ (పక్కన తేలే దుంగ కట్టిన పడవ) పందేలు ఎగువకు సాగి, బయలుదేరిన చోటికి చాలా దూరంలో ముగుస్తాయి. అందువల్ల ఆరుగురు తెడ్లు వేసే పడవను కిందికి దించిన వెంటనే ఖాళీ ట్రైలర్‌ను గమ్యం ఒడ్డున నిలిపి, డ్రైవర్లు మరో కారులో పందెం మొదలయ్యేలోపే తిరిగి రావాలి. ఒక ఒడ్డు వాషింగ్టన్ రాష్ట్రం, మరో ఒడ్డు ఒరెగాన్ రాష్ట్రం గనుక, వంతెన దాటవలసి వస్తే టోల్‌ను, ఆలస్యాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ట్రైలర్‌ను లాగే బండి తాళంచెవి మాత్రం పడవ ఎక్కని మనిషి దగ్గరే ఉండాలి. ఒకసారి మా తాళంచెవి బయలుదేరిన ఒడ్డున వదిలిన సంచిలోనే ఉండిపోవడంతో, తడిబట్టలతో గంటన్నర సేపు గాలికి వణుకుతూ కూర్చున్నాం.

డ్రైవర్లు వెళ్లి వచ్చేలోగా మిగిలినవారు, ఎడమ పక్కన తేలే అమాను (దుంగను) పడవకు కలిపే రెండు ఇయాకోల (అడ్డకర్రల) కట్లు బిగించాలి. అడ్డకర్రను రెండు చేతులా పట్టి ఊపినప్పుడు కిర్రుమన్నా, తాడు వెంట్రుకవాసి జరిగినా, పైన మరో చుట్టు వేసి సరిపెట్టకుండా పూర్తిగా విప్పి మళ్లీ కట్టడమే మేలు. ఆఖరి పరీక్ష తెడ్డుతో పడవను మళ్లించే ఆరో సీటు మనిషి స్వయంగా చేయాలి. నీళ్లు తోడే డబ్బాలను పడవకే కట్టి ఉంచండి.