కొత్త స్పీకర్ పలుచగా మోగుతోందా? ఊఫర్ మార్చకముందే ఇవి చూడండి

సమస్య: సొంతంగా డిజైన్ చేసుకున్న స్పీకర్ల జత. మంచి ఊఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్) వేశారు, బాక్సు ఘనపరిమాణం లెక్క ప్రకారమే ఉంది. అయినా పాట పలుచగా, కీచుగా వినిపిస్తోంది. అన్నమయ్య కీర్తన పెడితే గాయకుడి గొంతులో నిండుదనం లేదు. మృదంగం కుడివైపు దెబ్బలు స్పష్టంగా ఉన్నాయి, ఎడమవైపు మంద్రమైన మోత మాత్రం కనిపించకుండా పోయింది.

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈ ఫిర్యాదుతో వచ్చేవారిలో చాలామంది అప్పటికే చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి ఇంకో జత ఊఫర్లు కొనేసి ఉంటారు. దయచేసి ఆ డబ్బు వృథా చేయకండి.

ముందు వైర్లు

ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే రెండు బాక్సుల బేస్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. గాయకుడి గొంతు రెండు స్పీకర్ల మధ్యలో నిలబడదు. ఆంప్లిఫయర్ వైర్లు తీసేసి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని ఊఫర్‌కు ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ (ఊఫర్‌లో కదిలే గరాటు భాగం) ముందుకు రావాలి. నిమిషం పట్టని ఈ పనిని ఎన్నిసార్లు చెప్పినా వదిలేస్తున్నారు. ట్వీటర్‌ను (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్‌ను) మాత్రం తొందరపడి తిప్పకండి. కొన్ని క్రాసోవర్లలో (పై, కింది స్వరాలను విడదీసే సర్క్యూట్లలో) దాన్ని కావాలనే తిరగేసి కలుపుతారు, సర్క్యూట్ బొమ్మలో చూసుకోండి.

వైర్లు సరిగ్గానే ఉంటే

అసలు దొంగ బాక్సు ముందు పలక వెడల్పు. కంపెనీ ఇచ్చే గ్రాఫులు సాధారణంగా ఊఫర్‌ను చాలా పెద్ద పలకకు బిగించి కొలిచినవి. అక్కడ శబ్దమంతా ముందుకే వస్తుంది. మీ బాక్సు 20 సెంటీమీటర్లే. పై స్వరాల తరంగాలు చిన్నవి కాబట్టి ఆ పలక వాటికి సరిపోతుంది. కింది స్వరాల తరంగాలు బాక్సును చుట్టి వెనక్కి పాకుతాయి. ఆ వెళ్లిపోయే నష్టం చివరికి 6 డెసిబెల్స్ దాకా చేరుతుంది. 115ను పలక వెడల్పుతో (మీటర్లలో) భాగిస్తే సగం నష్టం జరిగే చోటు తెలుస్తుంది. 20 సెంటీమీటర్లకు అది సుమారు 575 హెర్ట్జ్. అంటే గొంతులోని నిండుదనమంతా దెబ్బతినే ప్రాంతమే. బాక్సు ఆకారం శబ్దాన్ని ఎంత మారుస్తుందో హ్యారీ ఓల్సన్ 1951లోనే కొలిచి చూపించారు. అయినా ఇప్పటికీ సన్నటి బాక్సు కట్టి ఊఫర్‌ను తప్పుపడుతున్నారు.

నిర్ధారణకు గోడ అల్మారా చాలు. స్పీకర్ ముందు పలక గోడతో సమానంగా ఉండేలా లోపల పెట్టి, చుట్టూ ఖాళీలను పుస్తకాలతో, దిండ్లతో మూసి అదే పాట వినండి. గొంతు నిండితే ఊఫర్‌లో లోపం లేనట్టే. వెనక పోర్టు (గాలి రంధ్రం) ఉన్న బాక్సయితే లోతైన బేస్‌ను లెక్కలోకి తీసుకోకండి, గొంతునే వినండి.

పరిష్కారం: 8 ఓమ్‌ల ఫుల్ రేంజ్ స్పీకర్ (అన్ని స్వరాలనూ ఒక్కటే పలికేది), 20 సెంటీమీటర్ల పలక అయితే 1 మిల్లీహెన్రీ కాయిల్, దానికి సమాంతరంగా 4.7 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్. ఈ రెండూ కలిసి స్పీకర్‌కు సిరీస్‌లో ఉండాలి. దీనితో పై స్వరాలు 4 డెసిబెల్స్ తగ్గి, నష్టపోయిన కింది స్వరాలకు దగ్గరవుతాయి. పూర్తి 6 తగ్గించకండి. మన ఇళ్లలో స్పీకర్ గోడకు దగ్గరగానే ఉంటుంది, గోడ కొంత బేస్‌ను తిరిగి ఇస్తుంది. గోడకు ఆనించి పెట్టేవారికి 2 లేదా 3 చాలు. కాయిల్ మందమైన రాగి తీగతో చుట్టినదే తీసుకోండి. ఊఫర్, ట్వీటర్ విడిగా ఉన్న డిజైన్‌లో ఊఫర్ కాయిల్ విలువ పెంచి, ట్వీటర్‌ను రెసిస్టర్లతో తగ్గించి, మైక్‌తో మళ్లీ కొలవాలి. అదే బిగ్గరతనానికి ఆంప్లిఫయర్ దాదాపు రెండున్నర రెట్లు శక్తి ఇవ్వాల్సి వస్తుంది. ఆ ఖర్చుకు సిద్ధపడండి, నిండైన గొంతు ఊరికే రాదు.

మిగిలినవి

ఒకే స్వరం దగ్గర బుసకొట్టినా, గరగరలాడినా గాలి లీకు. మంద్రమైన బేస్ టోన్ మోగిస్తూ కీళ్ల దగ్గర అగరువత్తి పట్టుకోండి, పొగ వణికిన చోట సిలికాన్ పూయండి. చవక ప్లైవుడ్ లోపల పొరల్లో ఖాళీలున్నా ఇదే గోల. కాలిన వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట), పాడైన ఆంప్లిఫయర్ అరుదు, వాటిని చివరికి వదిలేయండి. టైల్స్ హాలులో ప్రతిధ్వని ఎక్కువైతే స్పీకర్‌ను విప్పనక్కర్లేదు, నేల మీద మందపాటి జంపఖానా పరచండి.