పాడైన హార్డ్ డిస్క్ ఏదో వెతుక్కోకుండా

సర్వర్‌లో ఒక డిస్క్ పోయిందని అలర్ట్ వస్తుంది. వరుసగా ఉన్న ఎనిమిదింటిలో అది ఏదో తెలియక టెన్షన్. రెయిడ్ 5లో (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపి వాడే పద్ధతి) అప్పుడు బాగున్న డిస్క్‌ని లాగేస్తే మొత్తం స్టోరేజీ ఆగిపోతుంది.

అందుకే సర్వర్ బిగించేటప్పుడే, లేదా షట్‌డౌన్ చేసినప్పుడు, ఒక్కో డిస్క్ తీసి దాని సీరియల్ నంబర్‌లో చివరి 4 అక్షరాలు చిన్న స్టిక్కర్ మీద రాసి ట్రే ముందు అంటించండి. తీసిన స్లాట్‌లోనే తిరిగి పెట్టండి. గాలి రంధ్రాలు మూసుకుపోకూడదు. లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ సీరియల్ చూపిస్తుంది. డిస్కులకు లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లను నమ్మొద్దు, రీబూట్ అయితే మారిపోవచ్చు.

డిస్క్ పూర్తిగా చచ్చిపోతే సీరియల్ కూడా రాదు. అప్పుడు కనిపిస్తున్నవాటికి టిక్ పెడుతూ పోతే మిగిలిందే అది. కొత్త డిస్క్ వేసి పాత స్టిక్కర్ అలాగే వదిలేస్తే మాత్రం ఈ పద్ధతే తప్పుదారి పట్టిస్తుంది.