దుమ్ము దులిపేముందు దిండు సంగతి చూడండి

పొద్దున లేవగానే వరసపెట్టి ఏడెనిమిది తుమ్ములు, కళ్ళు దురద. నాకు దుమ్ము పడట్లేదనుకుని రోజూ పొడిగుడ్డ పట్టుకుని అలమరాలన్నీ దులపడం మొదలుపెట్టాను. తుమ్ములు ఇంకా ఎక్కువయ్యాయి. చివరికి ఎలర్జీ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు: "మీ దిండు కొని ఎన్నేళ్ళయింది?" నాకు గుర్తు కూడా లేదు.

పరుపుల్లో, దిండ్లలో డస్ట్ మైట్లనే పురుగులుంటాయి. పావు మిల్లీమీటరు కూడా ఉంటాయో ఉండవో, కంటికి ఆనవు. కుట్టవు కూడా. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. ఎలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి రెట్ట. అందుకే పురుగులు చచ్చినంత మాత్రాన తుమ్ములు ఆగవు, ఆ రెట్ట కూడా ఉతికి వదిలించాలి.

కాబట్టి మొదట పక్క సంగతి చూడండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. పరుపుకీ దిండ్లకీ అన్నివైపులా మూసుకుని జిప్ పడే మైట్‌ప్రూఫ్ కవర్లు వేయండి. నేను తెలీక పైన పరిచే ఎలాస్టిక్ షీటు కొన్నాను, దండగ.

వేడినీళ్ళకి పాడయ్యే బొచ్చుబొమ్మల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి 24 గంటలు డీప్ ఫ్రీజర్లో పెట్టి, తర్వాత మామూలు నీళ్ళలో ఉతికి బాగా ఆరబెట్టండి. మొదటిసారి మా చిన్నది తన ఎలుగుబంటికి చలేస్తుందని ఒకటే ఏడుపు. దాని కాళ్ళకి మేజోళ్ళు తొడిగాకే సంచి మూతి కట్టనిచ్చింది.

ఈ పురుగులు నీళ్ళు తాగవు, గాలిలో తేమే పీల్చుకుంటాయి. ఇంట్లో తేమ 50 శాతం లోపు ఉంచగలిగితే వాటి సంఖ్య తగ్గుతుంది. తేమ ఎంతుందో చూపించే చిన్న మీటర్లు దొరుకుతాయి. తడిబట్టలు పడగ్గదిలో ఆరేయకండి. స్నానం అయ్యాక కూడా కాసేపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగనివ్వండి, గోడలకి బూజు పట్టదు. బూజు కూడా ఎలర్జీ తెచ్చేదే.

దుమ్ము తుడిచేది తడిగుడ్డతోనే. వాక్యూమ్ కొనేట్టయితే, సన్నటి దుమ్ముని కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టర్ ఉన్నది చూసుకోండి. ఎంత జాగ్రత్తగా చేసినా కొంత దుమ్ము లేస్తుంది కాబట్టి, ఆ పని మా ఆయనకి అప్పగించి నేను అరగంట బయటికి పోతాను. ఇందులో నాకు సిగ్గేమీ లేదు.

ఇక క్రిములు. అందరం బాత్రూమ్ మీద పడి తోముతాం గానీ, వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజిని పట్టించుకోం. ఎప్పుడూ తడిగా, మెతుకులు ఇరుక్కుని ఉంటుంది, క్రిములకి అంతకన్నా ఏం కావాలి? గట్టిగా పిండి నిలబెట్టి ఆరనివ్వండి, వారానికో రెండు వారాలకో పారేయండి. పచ్చిమాంసానికి వేరే చాపింగ్ బోర్డు వాడండి. మాంసాన్ని కుళాయి కింద కడిగితే ఆ తుంపర్లు సింకు చుట్టూ పడతాయి.

డిసిన్ఫెక్టెంట్ స్ప్రే చేసి వెంటనే తుడిచేయడం నా పాత అలవాటు. అలా చేస్తే క్రిములు పూర్తిగా చావవు. ముందు సబ్బునీళ్ళతో మురికి పోగొట్టాలి. ఆ తర్వాత మందు కొట్టి, లేబుల్ మీద రాసిన నిమిషాలపాటు తడి ఆరకుండా వదిలేయాలి. రోజూ ఇల్లంతా కొట్టక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా వాంతులో విరేచనాలో అయినప్పుడు బాత్రూమ్, తలుపు పిడులు, కుళాయిలు, స్విచ్చులు చూసుకోండి. అప్పుడు చేతులకి శానిటైజర్‌ని నమ్ముకోకండి, 20 సెకన్లు సబ్బుతో రుద్ది కడగండి.

బ్లీచ్‌ని టాయిలెట్ క్లీనర్‌తోగానీ అమోనియా ఉన్న క్లీనర్‌తోగానీ కలపకండి, విషవాయువు వస్తుంది. రెండూ పోస్తే ఇంకా తెల్లగా వస్తుందని ఒకసారి కలిపి, దగ్గుతూ బయటికి పరిగెత్తాను. విడిగా వాడినా కిటికీలు తెరవండి, బ్లీచ్ ఘాటుకి ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆయాసం వస్తుంది.

కవర్లు వేసిన కొన్ని వారాలకి నా తుమ్ములు రెండు మూడుకి దిగాయి. ఎలుగుబంటి ఇప్పటికీ నెలకోసారి ఫ్రీజర్లోకి వెళ్తుంది, మేజోళ్ళతోనే.